ఐదు నిమిషాల కట్టు

ఆ ఆసుపత్రిలో విరిగిన ఎముకను సరిచేసేది పెద్ద డాక్టరైతే, దాన్ని కదలకుండా పిండికట్టులో బిగించేది మేస్త్రి. మేస్త్రి అన్నది అతని అసలు పేరు కాదు. తెల్లటి పిండిలో మోచేతులదాకా చేతులు ముంచి, గోడకు పూత పూసినట్టు పట్టీ మీద పట్టీ వేసి, అరచేత్తో నున్నగా రుద్దుతాడని ఎప్పుడో ఒక నర్సు నవ్వులాటకు పెట్టిన పేరు. ఇరవై రెండేళ్ళలో అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడకుండా పోయింది.

పేరు గురించి అతనికి పట్టింపు లేదు. ఉన్న పట్టింపల్లా వేగం గురించే. ఇంకొకరు కట్టు వేస్తే గట్టిపడేదాకా పావుగంట ఆ కాలో చెయ్యో పట్టుకుని నిలబడాలి. మేస్త్రి వేస్తే ఐదు నిమిషాలు. వేలితో కొడితే టకటకమనేది. కట్ల గది బయట బెంచీ మీద ఎంతమంది కూర్చున్నా మధ్యాహ్నానికల్లా ఖాళీ అయ్యేది. పెద్ద డాక్టరు కొత్తగా చేరిన వాళ్ళను తీసుకొచ్చి, "చూడండయ్యా, ఇదీ చెయ్యంటే" అని చూపించేవాడు. అప్పుడు మేస్త్రి తల వంచుకుని పని చేస్తున్నట్టు నటించేవాడుగాని, మెడ మాత్రం ఒక అంగుళం పొడుగయ్యేది.

ఆ ఐదు నిమిషాల వెనక మూడు కిటుకులున్నాయి. ఎవరూ నేర్పినవి కావు, అతనే కనిపెట్టుకున్నవి. అందుకే వాటి మీద అంత ముద్దు. ఒకటి, పట్టీని గోరువెచ్చని నీళ్ళలో కాదు, కాస్త ఎక్కువ వేడి నీళ్ళలోనే ముంచాలి. రెండు, చిటికెడు ఉప్పు వెయ్యాలి. మూడోది అన్నిటికంటే గొప్పది. పొద్దున్నుంచి పట్టీలు ముంచీ ముంచీ పాలలా తెల్లబడ్డ నీళ్ళను పారబొయ్యకూడదు. అడుగున పేరుకున్న మడ్డితో సహా ఆ బకెట్టు సాయంత్రందాకా ఉండాలి. కొత్త నీళ్ళలో పస ఉండదనేవాడు.

పట్టీలు వచ్చే అట్టపెట్టె మూత మీద, ఎలా వాడాలో నాలుగు వరుసలు అచ్చువేసి ఉంటాయి. మేస్త్రి ఇన్నేళ్ళుగా ఆ నాలుగు వరుసల మధ్యగుండానే కత్తితో చీల్చి పెట్టెలు తెరిచాడు. చదవడం రాక కాదు. తనకు చేతనైన పని గురించి అట్టపెట్టె చెప్పేదేమిటిలే అని.

కిందటేడు ముసురు పట్టిన ఒకరోజున, బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ ఏడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. వెనకే అత్తగారు. పిల్ల మెట్ల పక్క కమ్మీ మీద కూర్చుని జారుతూ కిందపడింది. కుడి ముంజేతి ఎముక విరిగింది. డాక్టరు సరిచేసి కట్టుకు పంపాడు. బయట బెంచీ నిండిపోయి గోడవారన కూడా జనం నిలబడి ఉన్నారు. నీళ్ళ బకెట్టు అప్పటికి మజ్జిగలా చిక్కబడి ఉంది. పిల్ల ఒకచోట నిలవడం లేదు. కట్టు విరగ్గొట్టుకుంటుందేమోనని మేస్త్రి ఆరేడు పొరలు చాలినచోట పద్నాలుగు పొరలు వేశాడు. వేసి, చేతిని దిండు మీద ఆనించాడు.

రెండు నిమిషాలకు పిల్ల ఏడుపు మారింది. అంతవరకూ భయంతో ఏడ్చిన పిల్ల ఇప్పుడు చెయ్యి లాక్కోబోయింది.

"కాలుతోంది మామయ్యా."

"కాలడం కాదే పిచ్చిదానా, వెచ్చబడుతోంది. ఎముక అతుక్కుంటుంటే అలాగే ఉంటుంది." ఆ మాటంటూనే తల్లివైపు తిరిగాడు. "గట్టిగా పట్టుకో చెల్లెమ్మా. కదిలిందంటే మళ్ళీ మొదటికొస్తుంది."

తల్లి పట్టుకుంది. పిల్ల వెక్కి వెక్కి, సొమ్మసిల్లినట్టు తల్లి భుజం మీద వాలిపోయింది. తన చేతివాసి అలాంటిదనుకున్నాడు మేస్త్రి. రెండోరోజు మంటంటోందని తీసుకొస్తే, కట్టులోపల దురద పుడుతుందిలెమ్మని గుమ్మంలోంచే పంపేసింది కూడా అతనే.

ఐదు వారాలకు కట్టు కోశారు. రెండు చిప్పలూ విప్పి, దూది తీసి చూస్తే, చేతికి అడుగువైపున, దిండుకు ఆనినచోట, రెండు వేళ్ళ వెడల్పున చర్మం కాలి ఊడి, సగం మాని సగం మానక ఎర్రగా ముడుచుకుపోయి ఉంది. డాక్టరు వంగి చూశాడు. నర్సు చూసింది. తరవాత అందరూ మేస్త్రివైపు చూశారు.

ఇరవై రెండేళ్ళలో ఎవరూ అతనివైపు అలా చూడలేదు. ఆ చూపులు అతను పట్టుమని పది క్షణాలు భరించలేకపోయాడు.

"ఇంట్లో పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టారా అమ్మా?" అని అడిగాడు.

అది అబద్ధమా అంటే, అప్పటికి పూర్తి అబద్ధం కాదు. అలా జరిగి ఉండొచ్చని సగం నమ్మాడు. మిగతా సగానికి, నమ్మితే తనకు మంచిదని తెలుసు. తల్లి బిక్కచచ్చిపోయింది. ముసురు వదలక కట్టు చెమ్మచెమ్మగా ఉంటే, రెండు సాయంత్రాలు పిల్లను పొయ్యిపక్కన కూర్చోబెట్టుకుని కథలు చెప్పిన మాట నిజమే.

"కూర్చోబెట్టానండీ," అంది.

అంతే. డాక్టరు ఆమెను చెడామడా తిట్టాడు. అత్తగారు నెత్తి కొట్టుకుంది. ఆ చూపులన్నీ తనమీదనుంచి లేచి ఆవిడమీద వాలుతుంటే, మేస్త్రికి వీపుమీదనుంచి బస్తా దించినట్టయింది. ఈ కథలో చెప్పుకోడానికి సిగ్గుపడాల్సినవి చాలా ఉన్నాయి. ఆ హాయి వాటిలో మొదటిది.

తరవాత ఆ తల్లి నెలకోసారి పిల్లను తెచ్చి చూపించుకునేది. కాలినచోట తోలు బిగుసుకుని మణికట్టు పూర్తిగా వంగడంలేదు. వచ్చినప్పుడల్లా ఒక మూట తెచ్చేది. కుట్టగా మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి, అంచులు మడిచి కుట్టిన మెడపట్టీలు. కట్టు వేసిన చేతిని మెడలోంచి వేలాడదీసుకునేవి. పిల్లలకు గుచ్చుకోకుండా ముడి వచ్చేచోట లోపల మెత్తటి గుడ్డ పెట్టేది. "నేను చేసిన పాపానికి ఇదైనా చెయ్యనివ్వండి అన్నయ్యగారూ" అనేది. మేస్త్రి పుచ్చుకునేవాడు. వాడేవాడు.

ఇంకో మాట కూడా అడిగింది. తనలాంటి తెలివితక్కువ పని ఇంకెవరూ చెయ్యకుండా, వచ్చిన తల్లులందరికీ తన సంగతి చెప్పమంది. మేస్త్రి అదీ చేశాడు. కట్టువేసి చేతులు కడుక్కుంటూ, "ఒకావిడ ఇలాగే పొయ్యి దగ్గర పెట్టి పిల్ల చెయ్యి కాల్చేసిందమ్మా, జాగ్రత్త" అని చెప్పేవాడు. చెప్పగా చెప్పగా కథకు నగిషీలు కూడా వచ్చాయి. ఇంట్లో భోజనాల దగ్గర కూడా చెప్పాడు. భార్య విని అయ్యో అంది. కూతురు, పిల్ల ఆ చేత్తో రాయగలుగుతోందా అని అడిగింది.

ఆ కూతురే పదకొండు నెలల తరవాత అతని కొంప ముంచింది. తప్పు ఆ పిల్లది కాదు.

ఆమెకు పరీక్షలు దగ్గరపడ్డాయి. రసాయనశాస్త్రంలో ఎవరికి వాళ్ళు ఇంట్లో ఒక ప్రయోగం చేసి రికార్డు రాసుకురమ్మన్నారు. ఆమె ఎంచుకున్నది రసాయన చర్యల్లో వేడి మార్పులు. బడినుంచి థర్మామీటరు తెచ్చుకుంది. సెలవురోజు మధ్యాహ్నం వంటింటి బల్లమీద గాజుగ్లాసులు పరుచుకుంది. కట్లపట్టీలు కొన్ని తెచ్చిపెట్టమని తండ్రిని ముందే అడిగింది. మేస్త్రి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తన పనికీ కూతురి చదువుకూ ఒక బల్లమీద పని పడుతుందని అతనెప్పుడూ అనుకోలేదు. ఒక పెట్టె పట్టుకొచ్చాడు.

మొదట కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోసింది. అది బుసకొడుతూ పొగలుకక్కింది. పక్కనే నిలబడ్డ మేస్త్రి భార్య వెనక్కి జరిగింది. తరవాత ఇంకో గ్లాసులో నీళ్ళు తీసుకుని నవాసారం వేసి కలిపి, తండ్రి చేతికిచ్చింది. గ్లాసు చల్లబడిపోతోంది. బయట తడి పట్టింది.

"సున్నం వేడిని బయటికి తోస్తుంది. ఇది చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది," అంది కూతురు. "కానీ రెండూ వాటంతట అవే జరుగుతాయి నాన్నా. మనం వెనకనుంచి తొయ్యక్కర్లేదు. వేడి ఇచ్చేవే వాటంతట అవి జరుగుతాయని లేదు. నవాసారం రేణువులు బుద్ధిగా వరసల్లో కూర్చుని ఉంటాయి. నీళ్ళలో పడితే చెల్లాచెదురుగా తిరగొచ్చు. ఆ స్వేచ్ఛ కోసం చలి కూడా భరిస్తాయి."

"మీ అమ్మ పుట్టింటికెళ్ళినట్టు," అన్నాడు మేస్త్రి. ముగ్గురూ నవ్వారు. ఆ రోజు అతను నవ్వినది అదే ఆఖరు.

తరవాత పట్టీ. కూతురు పెట్టెమూత మీద ఉన్నట్టే చేసింది. కుళాయి నీళ్ళు, ఆరు పొరలు, మధ్యలో థర్మామీటరు. చాలాసేపటికి గట్టిపడింది. వేడి కొంచెం పెరిగింది, అంతే. చెయ్యిపెడితే ఒంటివేడికంటే కాస్త ఎక్కువ. మేస్త్రికి ఆ నత్తనడక చూస్తుంటే చేతులు దురదపెట్టాయి. లేచి చొక్కా చేతులు మడిచాడు.

"ఇటివ్వు. మీ నాన్న ఎలా చేస్తాడో చూద్దువుగాని."

నీళ్ళు వేడిచేశాడు. కూతురు పట్టీ ముంచిన గ్లాసులోని తెల్లనీళ్ళు అందులో వంచాడు. చిటికెడు ఉప్పు. పద్నాలుగు పొరలు. నిండుగా ఉండాలని ఒక చిన్న దిండు కూడా తెచ్చి దానిమీద ఆనించాడు. సరిగ్గా ఆసుపత్రిలో చేసినట్టే చేశాడు. పిల్ల ముందు గొప్పకు పోయి, ఏదీ వదల్లేదు.

థర్మామీటరు నలభై దగ్గర మొదలైంది. యాభై దాటింది. కూతురు కళ్ళు పెద్దవి చేసుకుని నిమిషానికోసారి రాసుకుంటోంది. యాభై ఎనిమిది. అరవై రెండు. ఐదో నిమిషానికి అరవై ఆరు. భార్య దిండుకూ కట్టుకూ మధ్య చెయ్యి పెట్టబోయి చురుక్కుమని తీసేసింది.

"నీళ్ళు వేడివి కదా, అందుకని," అన్నాడు మేస్త్రి.

"నీళ్ళు నలభైయే కదా నాన్నా. మిగతా ఇరవై ఆరూ ఎక్కణ్ణుంచొచ్చాయి?" కూతురు కలం పక్కనపెట్టి, పంతులమ్మలా వేళ్ళు విప్పి చెప్పడం మొదలుపెట్టింది. ఈ పిండి మొదట రాయట. రాయిని దంచి, కాల్చి, అందులోని నీటిని తరిమేస్తే పిండి అవుతుందట. నీళ్ళు తగలగానే మళ్ళీ రాయి అయిపోతుంది. తరిమెయ్యడానికి ఎంత వేడి మింగిందో, తిరిగి కలిసేటప్పుడు అంతా కక్కేస్తుంది. "అది ఆగదు నాన్నా. మొదలైతే చివరిదాకా దానంతట అదే పోతుంది. ఎంత వేడి రావాలో అంతా వస్తుంది. మెల్లగా వస్తే గాలిలోకి పోతుంది, మనకు తెలీదు. నువ్వు పాత నీళ్ళు పోశావు చూడు, అందులో అప్పటికే రాయైపోయిన పలుకులుంటాయి. వాటిని పట్టుకుని కొత్తపిండి గబగబా రాయైపోతుంది. పావుగంటలో రావాల్సిన వేడి ఐదు నిమిషాల్లో వచ్చేస్తే, అందులోనూ ఇంత మందంగా ఉండి, కింద దిండుంటే, ఇంక అదెక్కడికి పోతుంది?"

ఎక్కడికి పోయిందో మేస్త్రికి తెలుసు.

కూతురు ఇంకా ఏదో చెబుతోంది. అతనికి వినబడలేదు. కాలుతోంది మామయ్యా అన్న మాట, పదకొండు నెలలు ఎక్కడ దాక్కుందోగాని, ఇప్పుడు చెవి పక్కనే నిలబడి అన్నట్టు వినబడింది. బల్ల కింద పడి ఉన్న పెట్టెమూత తీశాడు. కత్తితో చీల్చగా రెండుగా విడిన ముక్కల్ని చేర్చి పట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆ నాలుగు వరుసలూ చదివాడు. శుభ్రమైన చల్లని నీరు వాడవలెను. వాడిన నీరు మరల వాడరాదు. అవసరమునకు మించి పొరలు వేయరాదు. గట్టిపడునంతవరకు దిండుపై ఆనించరాదు. తన నాలుగు తప్పులూ వరసగా రాసి, ఇరవై రెండేళ్ళుగా నెలనెలా ఎవరో తనకు పంపిస్తూనే ఉన్నారు.

కూతురు రికార్డులో చివరి వాక్యం రాసి చదివి వినిపించింది. రెండవ పద్ధతిని మా నాన్నగారు ఆసుపత్రిలో ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు, అని.

"అది కొట్టెయ్యి," అన్నాడు.

"ఎందుకు?"

"మీ టీచరు నవ్వుతుంది."

కూతురు తండ్రి ముఖంలోకి చూసింది. ఆ పిల్లకు లెక్కలు రావడం ఆ ఒక్క క్షణంలో అతనికి గిట్టలేదు. "నాన్నా, ఆ బట్టలు కుట్టే ఆవిడ కూతురు..." అని ఆగిపోయింది.

"చదువుకోవే ముందు," అని కసిరి లేచిపోయాడు. ఎన్నడూ కసరని మనిషి. పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడిగాడు. పిండి పోయాక కూడా కడుగుతూ ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి రికార్డు బల్లమీద తెరిచే ఉంది. కూతురు ఆ వాక్యం కొట్టెయ్యలేదు.

మర్నాటినుంచి కట్ల గదిలో నీళ్ళు మారాయి. ప్రతి మనిషికీ కొత్త నీళ్ళు, కుళాయివి. కట్టు మెల్లగా బిగిసేది. మేస్త్రి ఆ చెయ్యో కాలో తన అరచేతుల్లో పట్టుకుని నిలబడేవాడు. బయట బెంచీ మీద సణుగుడు మొదలైంది. పెద్ద డాక్టరు తొంగిచూసి, వయసు మీదపడిందా మేస్త్రీ అని నవ్వాడు. ముసలితనం వస్తే బాగుండుననుకున్నాడు మేస్త్రి. ముసలితనమైతే ఎవరి తప్పూ కాదు.

నాలుగో రోజున డాక్టరు గదికి వెళ్ళి తలుపు చేరేసి, అంతా చెప్పాడు. డాక్టరు కాసేపు కలంతో బల్ల తట్టాడు. పాత సంగతి ఇప్పుడెందుకు తవ్వడం అన్నాడు. ఆవిడే ఒప్పుకుందిగదా అన్నాడు. ఇకముందు జాగ్రత్తగా ఉండమన్నాడు, అంతే. మేస్త్రి బయటికొచ్చాడు. డాక్టరు క్షమించినందుకు ప్రాణం లేచిరావాలి. కానీ ఆ డాక్టరు కూడా ఆవిణ్ణి తిట్టినవాడే. తప్పుచేసిన ఇద్దరు మొగవాళ్ళు తలుపేసుకుని ఒకరినొకరు క్షమించుకున్నట్టు అనిపించి అతనికి తల కొట్టేసినట్టయింది.

ఆవిడ రావలసిన రోజుకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులూ ఏమని మొదలుపెట్టాలా అని నోట్లోనే నానబెట్టుకున్నాడు. ఎలా మొదలుపెట్టినా మూడో మాటలో తనను తను వెనకేసుకొస్తున్నాడు. రోజుకెంతమందికో కడుతున్నాను. అప్పుడు ముసురు. పిల్ల కదులుతోంది. నాకు తెలీదు. ఇవన్నీ నిజాలే. ఒక్కటీ ఆవిడ ముందు పెట్టే మాట కాదు. నిజం కూడా ఆ నవాసారంలాగా దానంతట అది కరిగి బయటపడితే ఎంత బాగుండును. అది పడదు. ఎవరో ఒకరు తొయ్యాలి.

ఆ రోజు వచ్చింది. బెంచీ నిండా జనం. గదిలో, నాలుగేళ్ళ పిల్లవాడికి చేతికట్టు అప్పుడే పూర్తయింది. వాళ్ళమ్మ పక్కన నిలబడి ఉంది. మేస్త్రి ఆ చిన్నచేతిని అరచేతుల్లో పట్టుకుని బిగిసేదాకా కాచుకుని ఉన్నాడు. అప్పుడొచ్చారు ముగ్గురూ. తల్లి చేతిలో ఎప్పట్లాగే మూట. పిల్ల నానమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పిల్ల తల్లికి కుడిచెయ్యి ఇవ్వదన్నది మేస్త్రి చాలా నెలల కిందటే గమనించాడు. పట్టుకోవలసివస్తే అటు తిరిగి ఎడమచెయ్యి ఇచ్చేది. పిల్లలకు ఏవో అలవాట్లుంటాయని అప్పట్లో అనుకున్నాడు.

తల్లి మూట బల్లమీద పెట్టి, పిల్లవాడి తల్లివైపు తిరిగింది. "కట్టు తడిగా ఉందని పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండమ్మా. నేను అలాగే నా కూతురి చెయ్యి..."

"చెల్లెమ్మా, ఆగు," అన్నాడు మేస్త్రి.

ఆమె ఆగింది. అతని చేతుల్లో ఇంకా ఆ పిల్లవాడి చెయ్యి ఉంది. వదిలిపెట్టి వెళ్ళడానికి లేదు. వెనక్కి తిరగడానికీ లేదు. తొమ్మిది రోజులు నానబెట్టిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"నువ్వు కాల్చలేదు. నేను కాల్చాను."

గదిలో ఎవరికీ అర్థంకాలేదు. అతను మళ్ళీ చెప్పాడు. వేడినీళ్ళ గురించి, పాత నీళ్ళ గురించి, ఎక్కువైన పొరల గురించి, దిండు గురించి చెప్పాడు. పొయ్యి పక్కన కూర్చోబెట్టడం వల్ల కట్టులోపల చర్మం కాలదని చెప్పాడు. ఆ రోజు అడగ్గానే ఆ మాట తన నోటినుంచి ఎందుకొచ్చిందో కూడా చెప్పాడు. అందరూ తనవైపు చూస్తున్నారని, ఆ చూపు ఇంకెవరివైపైనా తిరగాలని. గుమ్మం దగ్గర జనం మూగారు. ఇరవై రెండేళ్ళు ఆ గుమ్మంలోంచి అతన్ని మెచ్చుకుంటూ చూసిన కళ్ళే.

అత్తగారు ముందు నోరు తెరిచింది, తిట్టడానికే. కానీ పదకొండు నెలలు కోడల్ని తను అన్న మాటలు ఆవిడకే అడ్డం పడ్డట్టున్నాయి. నోరు మూసుకుని కోడలి ముఖంవైపు చూసి, నేల చూపులు చూసింది.

తల్లి మాత్రం అతను అనుకున్నట్టు ఏడవలేదు. అరవలేదు. ఏదో లెక్క చూసుకుంటున్నదానిలా కనుబొమలు ముడిచి నిలబడింది. బరువు దిగిన మనిషి ముఖం అలా ఉండదు.

"అది అప్పుడే చెప్పింది, కాలుతోందని," అంది మెల్లగా. "చెయ్యి లాక్కోబోయింది. నేనే పట్టుకున్నాను."

ఆమె నెత్తిమీది నిందల మూట దించుదామని చూస్తే, దానికింద ఇంకో మూట బయటపడింది. ఇది తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా అతనికి తట్టలేదు. తన సిగ్గు గురించే ఆలోచించుకుంటూ కూర్చున్నవాడికి ఎలా తడుతుంది?

"పట్టుకోమన్నది నేను," అన్నాడు. "నువ్వు నా మాట నమ్మావు. ఎవరైనా నమ్ముతారమ్మా. అది కూడా నాదే. నీది కాదు."

అప్పటిదాకా నానమ్మ చీర వెనక ఉన్న పిల్ల ముందుకొచ్చింది. ముడుచుకుపోయిన చేతిని చూసుకుంది. తల్లిని చూసింది.

"అమ్మ పొయ్యి దగ్గర పెట్టినందుకు కాదా?"

"కాదు తల్లీ. ఈ మామయ్య వల్ల."

పిల్ల కోపంగా కూడా లేదు. బళ్ళో ఎవరో తన పలక తీసుకుని తనదే అన్నప్పుడు పిల్లలు చూసే చూపు చూసింది.

"నేను చెప్పాను కదా," అంది.

"చెప్పావు."

"రెండుసార్లు చెప్పాను."

"రెండుసార్లు చెప్పావు. నేను వినలేదు."

ఇంకేమైనా అంటుందేమోనని చూశాడు. ఆ పిల్లకు చెప్పాల్సింది పదకొండు నెలల కిందటే అయిపోయింది.

అతని చేతుల్లో కట్టు గట్టిపడింది. తల్లి మూట విప్పింది. అన్నింటికంటే చిన్న మెడపట్టీ ఒకటి ఏరి తీసి, ఆ నాలుగేళ్ళ పిల్లవాడి చెయ్యి అందులో ఒద్దికగా ఇమిడ్చి, మెత్తటి గుడ్డ మెడకు తగిలేటట్టు సర్ది ముడివేసింది. మిగతావి మళ్ళీ మూటకట్టి చంకలో పెట్టుకుంది. ఇక తనకు ఇవి కుట్టాల్సిన పని లేదని చెప్పడానికి ఆమెకు మాటలు అక్కర్లేకపోయాయి.

గుమ్మందాకా వెళ్ళి ఆగింది. "ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ నా సంగతి చెప్పారు కదా," అంది. అన్నయ్యగారూ అనలేదు. "ఇకనుంచి మీది చెప్పండి."

అక్కడే నిలబడింది. ఇకనుంచి అంటే ఇప్పటినుంచే అని అతనికి అర్థమైంది. పిల్లవాడి తల్లి ఏమీ పాలుపోక కొడుకును దగ్గరకు లాక్కుని అతన్నే చూస్తోంది. మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

"పిల్లవాడు కాలుతోందంటే వెంటనే తీసుకురండమ్మా," అని మొదలుపెట్టాడు. "ఇక్కడ ఒక మేస్త్రి ఉండేవాడు. తొందరగా బిగుస్తుందని వేడినీళ్ళలో, పాత నీళ్ళలో కట్లు కట్టేవాడు. ఒక పాప కాలుతోందని ఏడిస్తే వినిపించుకోలేదు. చెయ్యి కాలిపోయాక, తప్పు వాళ్ళమ్మమీద తోసేశాడు."

"ఎంత పని చేశాడండీ," అంది పిల్లవాడి తల్లి, అలవాటు కొద్దీ. కొడుకును చూసుకోవడంలో ముందు జరిగిందంతా ఆవిడకు పూర్తిగా ఎక్కినట్టు లేదు. "ఎవరా మేస్త్రి? ఇంకా ఇక్కడే ఉన్నాడా?"

గుమ్మంలో పాప తల్లి కదల్లేదు. ఒక మేస్త్రి అంటే సరిపోతుందని అతను అనుకున్నాడు. సరిపోలేదు.

"నేనేనమ్మా," అన్నాడు.

అప్పుడు గుమ్మంలోంచి అడుగుల చప్పుడు వినబడింది. ముగ్గురివీ. నడవా పొడుగునా వినబడి, మెట్లదాకా వెళ్ళి సద్దుమణిగింది. పిల్ల తల్లికి ఏ చెయ్యి ఇచ్చి నడిచిందో తెలుసుకోవాలని అతనికి ప్రాణం పీకింది. తల ఎత్తితే కనబడేది. ఎత్తలేకపోయాడు.